మగ్గం చప్పుడు చాటున

నరసింహ ఆరడుగుల మనిషి, పైగా గుబురు మీసాలు. అలాంటివాడు ఎనిమిదేళ్ల పిల్లాడి వేషం కట్టి, హిందూపురంలోని ఒక కల్యాణ మండపంలో చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే నవ్వు రాకుండా ఎవరికుంటుంది? చుట్టూ కుర్చీల్లో ఉన్నవాళ్లంతా చున్నీలూ చేతిరుమాళ్లూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

కస్తూరి మేడం మాత్రం నవ్వలేదు. ఆమె బెంగళూరులోని ఒక సంస్థ తరఫున వచ్చింది. ఇంటిపనిలో, కులవృత్తిలో చెయ్యి కలిపే పిల్లలు ఎలా బతుకుతున్నారో ఆ పిల్లల నోటితోనే తెలుసుకోవాలని ఆ సంస్థ పూనుకుంది. ఇల్లిల్లూ తిరిగి పిల్లలతో మాట్లాడే మనుషులు కావాలి. వచ్చినవాళ్లలో సగం మందికే ఉద్యోగం. ముందు ఇక్కడ పాఠాలు, తర్వాత ధర్మవరంలో నిజంగా ఒక బిడ్డతో మాట్లాడి ఫోనులో రికార్డు చేసుకోవడం, ఆపైన పెనుకొండలో దాన్ని అందరి ముందూ వినిపించడం. అది నెగ్గితే లోపలికి, లేకపోతే ఇంటికి.

"బిడ్డ కంటే ఎత్తులో కూర్చోకూడదు. తినడానికి ఏమీ ఇవ్వకూడదు. పెద్దవాళ్ల అనుమతి వేరు, బిడ్డ అనుమతి వేరు, రెండూ తీసుకోవాలి. మీరు మాట్లాడే చోటు ఇంట్లోవాళ్లకు కనపడాలి, మాట మాత్రం వినపడకూడదు," అని చెప్పి కస్తూరి మేడం, ఉద్యోగం కోసం వచ్చినవాళ్లలో ఒకతైన సుచిత్ర వైపు చూసింది. "ఊఁ, మొదలుపెట్టమ్మా."

సుచిత్ర చాప మీద నరసింహ పక్కనే కూర్చుంది. ఎదురుగా కూర్చుంటే పిల్లలు బిగుసుకుపోతారని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏమీ అడక్కుండా కాసేపు చాప ఈనెలు గిల్లుతూ ఊరకుంది. తర్వాత, "మీ ఇంట్లో అందరికంటే ముందు లేసేది ఎవరప్పా?" అంది, ఏదో తనలో తను అనుకున్నట్టు.

నరసింహ మొదట గొంతు సన్నం చేసి ముద్దుముద్దుగా జవాబులు చెప్పాడు. మెల్లగా ఆ సన్నగొంతు ఎటో పోయింది. ఐదో క్లాసులో బడి మానేసి చిలమత్తూరు పక్కన గొర్రెలు కాసింది, తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం ఏడుస్తూ ఊరంతా తిరిగింది, అన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాడు. నవ్వేవాళ్లు నవ్వు మానేశారు. చెప్పడం అయ్యాక నరసింహ తుండుగుడ్డతో మొహం తుడుచుకుని, "ఇది వేషంలో లేదు మేడం, ఎట్లనో వచ్చేసింది," అన్నాడు.

"ఇది నేర్పితే వచ్చే విద్య కాదు," అంది కస్తూరి మేడం.

సాయంత్రం ఆ మాట ఇంట్లో చెబితే సుచిత్ర తండ్రి భాస్కరయ్య తక్కెడ పట్టుకునే పకపకా నవ్వాడు. ఆయనది చిన్న పచారీ అంగడి. "పిల్లోళ్లతో మాట్లాడేదానికి ట్రైనింగా! నువ్వు ఆరేండ్లప్పటి నుంచి ఈడ చేస్తాండేది ఏంది మ్మే? ఉప్పుకని వచ్చిన పిల్ల చేత వాళ్లింట్లో పొద్దున జరిగిన కొట్లాటంతా కక్కించి పంపుతాంటివి గదా."

అది నిజమే. అంగడి గడప మీద చిక్కీ ముక్క ఒకటి చేతిలో పెట్టి సుచిత్ర ఎంతమంది పిల్లల నోరు విప్పించిందో లెక్కలేదు. ఆమెకు అది గొప్పగానే ఉండేది. ఊళ్లోనే ఒక బట్టల ఫ్యాక్టరీ ఆఫీసులో రెండేళ్లు హాజరు పట్టీలు దిద్ది దిద్ది విసిగిపోయి వచ్చేసిన మనిషి ఆమె. తనకు పుట్టుకతో వచ్చిన పనికి జీతమిచ్చే ఉద్యోగం ఒకటి లోకంలో ఉందని తెలిసినప్పటి నుంచి మరొకటి ఊహించుకోలేకపోతోంది. ఇది రాకపోతే మళ్లీ ఆ ఆఫీసే.

ధర్మవరంలో ఆమెకు పడింది తిప్పన్న ఇల్లు. వాకిలి దాటగానే కుడిపక్క గదిలో గుంత మగ్గం. గుంతలోకి కాళ్లు వదిలి తిప్పన్న కూర్చుని ఉన్నాడు. శ్రావణమాసపు పెళ్లిళ్లు దగ్గర పడ్డాయి కాబట్టి వీధి మొత్తం మగ్గాల చప్పుడే. తిప్పన్న నేస్తున్నది అంచు వేరే రంగులో వచ్చే పట్టుచీర. అలాంటి చీరకు నేతగాడు ఒక్కడు చాలడు. పక్కన ఇంకొకరు కూర్చుని అంచు దారం మోసే నాడె విసరాలి. ఆ పక్కన ఉన్నది అతని కూతురు ప్రమోద, పదకొండేళ్లది. నాయన నాడె అటు పోయి ఇటు వచ్చేలోగా ప్రమోద కుడిచెయ్యి ఒక్క విసురు విసిరి, దారం బిగించి, మళ్లీ సిద్ధంగా ఉండేది. తల మాత్రం పైకెత్తేది కాదు.

తిప్పన్న అనుమతి అడిగితే, "దానికేముందమ్మా, అడుక్కోండి. పాపా, పో. అక్క అడిగిందానికి బాగా చెప్పు," అన్నాడు. ప్రమోద తల్లి ఊళ్లో లేదు, పుట్టింట్లో చావుకని కనగానపల్లి పోయింది. నానమ్మ ఆదిలక్ష్మమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూనే సుచిత్రను చూసి నవ్వింది.

సుచిత్ర ప్రమోదను బయటి అరుగు మీదికి తీసుకుపోయింది. అక్కడ కూర్చుంటే కిటికీలోంచి తిప్పన్నకు కనపడతారు. మగ్గం చప్పుడుకు మాట ఎలాగూ వినపడదు. ఇంతకన్నా మంచి చోటు కస్తూరి మేడం వెతికినా దొరకదనుకుంది.

"నీకు ఇష్టముంటేనే మాట్లాడుకుందాం. వద్దంటే వద్దు. సరేనా?"

"ఊఁ," అంది ప్రమోద, గోరు కింద ఇరుక్కున్న జరీపోగు లాగుతూ.

"ఇదంతా ఫోన్లో రికార్డు అవుతాది. సరేనా?"

"ఊఁ."

కాసేపు మాట సాగలేదు. సుచిత్ర చెయ్యి తనంతట తానే సంచిలోకి పోయి చెనక్కాయ చిక్కీ ఒకటి తీసింది. ఇవ్వకూడదని తెలుసు. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా! ప్రమోద దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి అవ్వకని లంగా మడతలో దాచుకుని, రెండోది కొద్దికొద్దిగా కొరకసాగింది. అంతే, కట్ట తెగింది.

"బడికి పోతాలే గానీ అన్ని దినాలూ పోనక్కా. అంచు పని ఉంటే పోను. జరమొచ్చిందని టీచర్‌కు చెప్తా. ఈ చెయ్యి చానా నొస్తాది. మాపటేళకు అన్నం కలిపేదానికి గూడా రాదు."

"నాయనకు చెప్పినావా?"

"లే. నాయన చెయ్యి ఇంకా నొస్తాది గదా." ప్రమోద గొంతు తగ్గించింది. "అక్కా, ఒకటి చెప్తా. నేను అప్పుడప్పుడు నాడె కావాలనే జారవిడుస్తా. పోగు తెగుతాది. నాయన అతికేంత వరకూ నా చెయ్యి ఊరికే ఉంటాది. నాయన అరుస్తాడు, చేతిలో పట్టు లేదు నీకు అని. కావాలనే చేస్తానని నాయనకు తెల్దు."

లోపల మగ్గం ఆడుతూనే ఉంది. సుచిత్రకు ఒళ్లు జలదరించింది. అది జాలి అని చెప్పడానికి లేదు. మంచి మాట దొరికిందన్న సంబరం కూడా అందులో ఉంది, ఎంత కాదనుకున్నా ఉంది.

మాటలు అయ్యి ఫోను ఆపగానే మగ్గం కూడా ఆగింది. తిప్పన్న బయటికి వచ్చాడు. "అయిందా అమ్మా? కాపీ తాగి పోండి," అన్నాడు చాలా మర్యాదగా. తర్వాత కూతురి పక్కన గొంతుక్కూర్చుని ఆ పిల్ల కుడిచెయ్యి పట్టుకుని, మణికట్టు అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. ఆ చేతిని తెచ్చి పిల్ల ఒళ్లోనే పెట్టి, లేచి లోపలికి పోయాడు.

ప్రమోద చిక్కీ నమలడం మానేసింది. నోరు అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల సుచిత్ర వైపు చూసిన చూపులో కోపం లేదు, ఏడుపు లేదు. నువ్వు వద్దంటే వద్దన్నావు కదా అని అడుగుతున్నట్టుంది. సుచిత్ర కాఫీ తాగలేక, వదిలి రాలేక, గొంతు కాలుతుంటే గటగటా తాగేసి బయటపడింది.

పెనుకొండలో కొండ కింద వాళ్లకు బస ఏర్పాటు చేశారు. కస్తూరి మేడం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రికార్డు మొత్తం విన్నది. నాడె జారవిడిచే చోటుకు రాగానే కళ్లు మూసుకుంది.

"ఎన్నేళ్లుగానో ఇలాంటి మాట కోసం తిరుగుతున్నా సుచిత్రా. రేపు మధ్యాహ్నం మొదట నీదే వినిపిద్దాం. పేరు తీసేస్తాం, ఊరు తీసేస్తాం, ఎవరికీ తెలియదు."

"వాళ్ల నాయన విన్నాడు మేడం."

"మగ్గం ఆడుతోంది కదా?"

"ఆడుతోంది. అయినా విన్నాడు."

కస్తూరి మేడం నొచ్చుకుంది, ఆ నొచ్చుకోవడంలో అబద్ధమేమీ లేదు. కాసేపు పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, "అది చేతులు దాటిపోయింది. మాటైనా పనికిరానీ. ఇలాంటి పిల్లలు వేలమంది ఉన్నారు, వాళ్లకోసమే కదా ఇదంతా," అంది.

సుచిత్రకు ఆ మాటలో తప్పెక్కడుందో దొరకలేదు. తప్పు లేదని మాత్రం మనసుకు పట్టలేదు. తోటివాళ్లంతా వచ్చి, "నీకు ఉద్యోగం రాసిపెట్టి ఉందబ్బా," అని చేతులు కలుపుతుంటే కాలుగాలిన పిల్లిలా వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగింది. తెల్లవారగానే ఎవరికీ చెప్పకుండా ధర్మవరం బస్సెక్కింది.

తిప్పన్న ఇంటి వాకిట్లో ఆదిలక్ష్మమ్మ ఎదురైంది. ఆమె మొహాన నిన్నటి నవ్వు లేదు.

"ఏం తల్లీ, మళ్లీ వచ్చినావు? నిన్న చెప్పింది చాల్లేదా? మగ్గం సద్దులో మాకు వినపడదనుకుంటివా! పుట్టినప్పటి నుంచి ఆ సద్దులోనే మాట్లాడుకుంటాండాము. సద్దు లేకుంటేనే మాకు ఏం వినపడదు. నా కొడుకు అంతసేపూ ఒక్క పోగు నేయలే. మగ్గం ఆపితే బిడ్డ మాట ఆపేస్తాదని ఒట్టి దెబ్బ కొడతా కూసున్న్యాడు."

సుచిత్ర ఆ గడప మీదే నిలబడిపోయింది. హిందూపురంలో అంగళ్ల మధ్య పెరిగిన మనిషికి చప్పుడంటే చాటు. ఇక్కడ చప్పుడంటే గాలి లాంటిదని, అందులోనే వీళ్లు ఊపిరి పీల్చుకుంటారని ఆమెకెలా తెలుస్తుంది? తెలియకపోతే అడగాల్సింది. అడగలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

లోపల ప్రమోద మగ్గం దగ్గరే ఉంది. బడి గంట కొట్టే వేళ దాటిపోయింది. సుచిత్రను చూడగానే ఆ పిల్ల లేచి నిలబడి, చేతులు కట్టుకుని, పద్యం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. "అక్కా, నిన్న నేను చెప్పింది అంతా అబద్ధం. నేను దినామూ బడికి పోతా. నా చెయ్యి నొప్పి లేదు. నాడె చేతిలోంచి దానంతట అదే జారుతాది. మా నాయన నన్ను బాగా చూసుకుంటాడు."

"ఊరుకోమ్మా," అన్నాడు తిప్పన్న. "చిన్నబిడ్డకు ఇవన్నీ నేర్పొద్దుమ్మా," అని తన తల్లి వైపు తిరిగి విసుక్కుని, సుచిత్రతో, "పాప నిన్న చెప్పిందే నిజం. మీరు ఏం రాసుకోవల్లనో రాసుకోండి," అన్నాడు. ఆ తర్వాత ఆమె మొహం చూడలేదు. పడుగు పోగుల మీద చేత్తో నిమురుతూ కూర్చున్నాడు.

ఈ పిల్ల ఇక తన నోటితో ఒక్క నిజం కూడా బయటివాళ్లకు చెప్పదు. అలా చేసింది తనే. ఆ సంగతి సుచిత్రకు గుండెల్లో కలుక్కుమంది. ఉద్యోగం, పెనుకొండ, మధ్యాహ్నం, ఏవీ తలపుకు రాలేదు.

"నేను రాసుకునేదానికి రాలేదన్నా. నాకు బస్సు దొరికే తావ తెలీలేదు. పాప ఆ మలుపు దాకా వస్తాదా?"

తిప్పన్న తలూపాడు.

వీధిలో రెండు పక్కలా మగ్గాలు ఆడుతున్నాయి. ఈసారి సుచిత్ర వాటిని నమ్మలేదు. ఇళ్లన్నీ దాటి ఖాళీ స్థలం వచ్చేదాకా నోరు తెరవలేదు. అక్కడ ఆగి, ప్రమోద ఎత్తుకు వంగి, ఫోను తీసి చూపించింది.

"నీ మాటలు దీంట్లో ఉండాయి. మా మేడం వీటిని ఇంకా చానామందికి వినిపించమంటాంది. వినిపించమంటావా, వద్దా?"

"ఊఁ."

"ఊఁ అంటే?"

"నీ ఇష్టమక్కా."

"నా ఇష్టం కాదు పాపా. మాటలు నీవి."

ప్రమోద కాలి బొటనవేలితో మట్టిలో గీతలు గీసింది. నిన్న అరుగు మీద ఈ పిల్ల రెండుసార్లు అన్న ఊఁ సుచిత్రకు గుర్తొచ్చింది. పెద్దవాళ్లు ఏది చెప్పినా ఊఁ అనాలని నేర్పిన ఇళ్లలో పుట్టిన పిల్లలం కదా అందరం. తను కూడా ఫ్యాక్టరీ ఆఫీసులో రెండేళ్లూ ఊఁ అనే గడిపింది. నోటివెంట అది ఎంత సులువుగా వస్తుందో, దాని వెనక ఏమేం మింగుతామో తెలియనిది కాదు.

"వద్దంటే ఏం చేస్తావు?" అంది ప్రమోద ఎట్టకేలకు.

"తీసేస్తా."

"తీసేస్తే మీ మేడం ఏమంటాది? నీకు పని ఇస్తాదా?"

ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెబితే ఈ పిల్లకు జాలి కలుగుతుంది. జాలి పడి, ఉండనీలే అక్కా అంటుంది. అది మళ్లీ చేతిలో చిక్కీ పెట్టినట్టే. సుచిత్ర ఆ మాట మింగేసింది.

"అది నా తంటా. నీది కాదు."

ప్రమోద ఒక్కసారి తలెత్తి ఆమె కళ్లలోకి చూసింది. "అయితే వద్దు."

సుచిత్ర రికార్డును తీసేసింది. ప్రమోద కదల్లేదు. "ఆడ చెత్తబుట్ట బొమ్మ ఉంటాది. దాంట్లో దాక్కొనుంటాది," అంది. ఫోను సంగతులు నాకు తెలుసులే అన్న ధీమా ఉంది ఆ గొంతులో. ఫోను తను తీసుకుని, ఎక్కడికో పోయి, దేన్నో వెతికి, గట్టిగా నొక్కి, మళ్లీ ఒకసారి లోపలికి పోయి ఏమీ లేదని చూసుకుని తిరిగి ఇచ్చింది. అప్పుడు నవ్వింది. రెండు రోజుల్లో సుచిత్ర ఆ పిల్ల నవ్వడం చూడడం అదే మొదలు.

తిరిగి నాలుగడుగులు వేసిన పిల్ల వెనక్కి వచ్చింది.

"నాయన కొట్టలే అక్కా. తిట్టను గూడా తిట్టలే. నేను నాడె జారవిడిచేది కావాలనేనని నాయనకు మొదటి నుంచీ తెల్సంట." గొంతు బొంగురుపోయింది. "అందుకే మెల్లగా అతుకుతాంటి గదమ్మా అన్న్యాడు. మాపటేళ అన్నం ముందర కూసోని తినకనే లేసిపాయ. పొద్దున బడికి పొమ్మన్న్యాడు. నేనే పోలే. అంచు ఒక్కడే ఎట్ల నేస్తాడు?"

పోగు తెగినప్పుడల్లా పైకి అరుస్తూ, కావాలని నిదానంగా అతుకుతూ, కూతురి చేతికి ఆ కాస్త విరామం ఇచ్చుకుంటూ వచ్చిన మనిషి. నిన్న కిటికీ ఇవతల కూర్చుని ఆ మనిషికి సుచిత్ర తన మనసులో రాక్షసుడి మొహం తగిలించింది.

"ఇది యాడా చెప్పొద్దు," అంది ప్రమోద.

"చెప్పను. బడికి?"

"ఈ చీర మగ్గం దిగినంక పోతా," అని ఆ పిల్ల పరుగు తీసింది. పోతుందో పోదో ఎవరు చెప్పగలరు!

పెనుకొండ చేరేసరికి అందరూ కూర్చుని ఉన్నారు. బల్ల మీద స్పీకరు సిద్ధంగా ఉంది. కస్తూరి మేడం చెయ్యి చాపింది.

"లేదు మేడం. ఆ పాప వద్దంది. తీసేశాను."

గదిలో గుసగుసలు లేచాయి. కస్తూరి మేడం మొహం ఎర్రబడింది. "రికార్డు అయ్యాక వెనక్కిపోయి అడిగితే ఎవరైనా వద్దనే అంటారు! నిన్న ఒప్పుకుంది కదా."

"నిన్న ఊఁ అంది మేడం. ఒప్పుకోలేదు."

"ఆ తండ్రి కొట్టాడా? అలాంటిదుంటే మనం దాచకూడదు, చెప్పితీరాలి."

"కొట్టలేదు."

"మరి ఏం జరిగింది?"

"చెప్పింది. కానీ ఎవరికీ చెప్పొద్దంది."

ఇది చెబితే చాలు. నిన్నటి రికార్డు కంటే పదింతలు విలువైన మాట అది. నాలుక చివర ఉంది. కుర్చీల్లో అందరూ ముందుకు వంగారు. సుచిత్ర పెదవులు బిగించి నిలబడింది.

"రికార్డు లేకుండా నేను నిన్ను తీసుకోలేనమ్మా. ఆ నియమం నాది కాదు, మార్చడం నా చేతుల్లో లేదు."

"తెలుసు మేడం," అని సుచిత్ర పోయి వెనక వరసలో కూర్చుంది. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఆఫీసు బల్ల, హాజరు పట్టీలు కళ్ల ముందు తిరిగాయి. అయినా నిన్నటి నుంచి ఒంట్లో పాకుతున్న ఆ కుదురులేనితనం కాస్త సద్దుమణిగింది.

కస్తూరి మేడం నరసింహను పిలిచింది. అతను ఫోను తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఆమె వేలు ఎత్తి, నొక్కబోయి ఆగింది.

"నీ పిల్లాడు సరేనన్నాడా నరసింహా?"

"అన్న్యాడు మేడం. ఊఁ అన్న్యాడు."

"అప్పుడు ఏం చేస్తున్నాడు?"

నరసింహ తల గోక్కున్నాడు. "మేకకు ఆకు వేస్తాండె."

"తలెత్తి నీ వైపు చూశాడా?"

అతను తల దించుకున్నాడు. కస్తూరి మేడం ఆ ఫోనును నొక్కకుండానే అతని చేతిలో పెట్టేసింది. కుర్చీల వైపు చూసి, "మీ పిల్లల్లో ఒక్కరైనా వద్దన్నారా?" అని అడిగింది. ఒక్క చెయ్యి లేవలేదు. ఆమె బల్లకు ఆనుకుంది. ఎవరికో చెబుతున్నట్టు కాకుండా, మెల్లగా అంది.

"ఇన్నేళ్లలో నాతో కూడా ఒక్క బిడ్డ వద్దనలేదు."

ముందు వరసలో ఎవరో అది గొప్ప చెప్పుకోవడమనుకుని చప్పట్లు మొదలుపెట్టారు. ఎవరూ కలవలేదు. రెండు దెబ్బలు పడ్డాక అవి కూడా ఆగిపోయాయి.